నెట్‌వర్క్‌ఎక్స్: గ్రాఫ్ కట్టడం తేలికే, కాపీ దగ్గరే కథంతా

లైబ్రరీ పేరు నెట్‌వర్క్‌ఎక్స్. పైథాన్‌లో గ్రాఫులు (నోడ్‌లు అనే చుక్కలు, వాటిని కలిపే ఎడ్జ్‌లు అనే గీతలు) కట్టి, వాటి మీద లెక్కలు నడిపే సరుకు. ధర సున్నా, లైసెన్సు బీఎస్‌డీ. ఈ సమీక్ష 3 శ్రేణి వెర్షన్ల గురించి. మార్కులు ముందే చెప్పేస్తే: గ్రాఫ్ కట్టడానికి 5కి 4.5, కాపీలకు 3, పెద్ద డేటా మీద వేగానికి 2. కాపీలకు మార్కులు కోసింది అది తప్పుగా పనిచేస్తుందని కాదు. ఒక్కో చోట ఒక్కో లోతు వరకు కాపీ తీస్తుంది, ఏది ఎంత లోతో పేరు చూస్తే తెలియదు. తెలియకపోతే అసలు గ్రాఫే పాడవుతుంది, ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు.

కొలబద్దగా విశాఖ రోడ్లను తీసుకుందాం, ఎందుకంటే ఈ ఊరికి రోజును బట్టి రూపం మారుతుంది. పొద్దున్నే వాకర్ల కోసం బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలుంటే ఆ చుట్టుపక్కలంతా ట్రాఫిక్ మళ్లింపే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్ల చుట్టు. హనుమంతవాక, ఇసుకతోట, ఎన్‌ఏడీ, గోపాలపట్నం అన్నీ జనంతో నిండిపోతాయి. మామూలు రోజు గ్రాఫ్ ఒకటి కట్టుకుని, దాని నుంచి ఈ మూడు రోజులకు మూడు కాపీలు తీసి, ఒక్కోదాంట్లో మూసిన రోడ్లు తీసేసి, మద్దిలపాలెం నుంచి జగదాంబకు దారి ఎంత మారిందో చూడటం – ఫైనలియర్ ప్రాజెక్టులకు సరిగ్గా సరిపోయే పని. ఈ లైబ్రరీ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారుతుందో కూడా ఇందులోనే బయటపడుతుంది.

దించుకోవడం

పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఒంటిగా దించితే సుమారు 2 ఎంబీ. వేరే ప్యాకేజీ ఏదీ వెంట లాగదు. అలా దించిన దాంతో గ్రాఫ్ కట్టొచ్చు, తక్కువ దూరం దారి వెతికే డైక్‌స్ట్రా నడపొచ్చు. నోడ్‌ల ప్రాముఖ్యం లెక్కించే పేజ్‌ర్యాంక్ పిలిస్తే మాత్రం నంపై, సైపై అనే లెక్కల ప్యాకేజీలు లేక ఆగిపోతుంది, బొమ్మ గీయమంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అడుగుతుంది. 'డిఫాల్ట్' అనే ఎక్స్‌ట్రా కలిపి దించితే నంపై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్, పాండాస్ నాలుగూ వస్తాయి. ల్యాబు మెషీన్లలో పాత పైథాన్ ఉంటే ముందే చూసుకోండి: 3.5 వెర్షన్‌కు పైథాన్ 3.11 కావాలి.

ఇది కొత్త లైబ్రరీ కాదు. 2002లో లాస్ అలమోస్ నేషనల్ లాబొరేటరీలో ఆరిక్ హాగ్‌బర్గ్, డాన్ షుల్ట్, పీటర్ స్వార్ట్ మొదలుపెట్టారు. 2005లో బయటికి వదిలారు. ఇంత వయసున్న దానికి నెట్‌లో పాత పాఠాలు గుట్టలుగా ఉంటాయి, చిక్కు అక్కడే. 2017లో వచ్చిన 2.0తో చాలా మారింది. నోడ్ వివరాలు చూడటానికి వాడిన ఏకవచనం 'నోడ్' 2.4లో పోయింది, ఇప్పుడు బహువచనం 'నోడ్స్' ఒక్కటే. 'సెట్ నోడ్ ఆట్రిబ్యూట్స్'లో విలువలు, పేరు అనే రెండింటి వరస తిరగబడింది. పైథాన్ వస్తువులను ఫైల్‌లో దాచే పికిల్‌లో రాసే, చదివే సొంత ఫంక్షన్లను 2023 జనవరిలో వచ్చిన 3.0లో పీకేశారు. పాఠంలో ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ పాఠం పక్కన పెట్టి వేరేది వెతుక్కోండి.

కట్టడం

మామూలు గ్రాఫ్ లోపల ఉన్నది డిక్షనరీలో డిక్షనరీలో డిక్షనరీ, అంతే. మొదటి పొరలో జంక్షను పేరు, రెండో పొరలో దాని పక్క జంక్షను, మూడో పొరలో ఆ రోడ్డు వివరాలు: పొడవు, నిమిషాలు, బస్సు నంబర్లు. ఈ మూడు పొరలూ బుర్రలో ఉంచుకోండి, కాపీ దగ్గర మళ్లీ అవసరం పడతాయి. నోడ్‌గా హ్యాష్ అయ్యేది, అంటే డిక్షనరీలో తాళంగా పనికొచ్చేది, ఏదైనా సరే పెట్టొచ్చు – మాట, అంకె, టపుల్ (మార్చడానికి వీల్లేని జాబితా). లిస్ట్ పెడితే టైప్ ఎర్రర్, 'ఏమీ లేదు' అని చెప్పే 'నన్' పెడితే వాల్యూ ఎర్రర్.

నాలుగు క్లాసులున్నాయి: గ్రాఫ్, డైగ్రాఫ్, మల్టీగ్రాఫ్, మల్టీడైగ్రాఫ్. 'డై' ఉంటే ఎడ్జ్‌కు దిశ ఉన్నట్టు; 'మల్టీ' ఉంటే అవే రెండు చివర్ల మధ్య ఒకటికి మించి ఎడ్జ్‌లు వేయొచ్చు. ఊరి రోడ్లకు నాలుగోదే తీసుకోండి. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కి దాటొచ్చు, కింద నుంచి కూడా దాటొచ్చు; రెండు దారులకూ చివర్లు ఒకటే. డైగ్రాఫ్‌లో ఆ చివర్ల మధ్య రెండో ఎడ్జ్ వేస్తే కొత్త ఎడ్జ్ పుట్టదు, మొదటిదాని వివరాల మీద రెండోదాని వివరాలు పడతాయి. హెచ్చరిక రాదు. ఫ్లైఓవర్ వేసిన మరుక్షణం కింద రోడ్డు మాయం.

మల్టీడైగ్రాఫ్‌కు దాని తలనొప్పి దానికుంది. సమాంతర ఎడ్జ్‌లకు 'కీ' అనే తాళం ఉంటుంది. ఇవ్వకపోతే అదే 0, 1, 2 అని వేసుకుంటుంది. నోట్‌బుక్‌లో ఎడ్జ్‌లు వేసే సెల్‌ను రెండోసారి నొక్కారా, ప్రతి రోడ్డూ రెండయింది; మూడోసారి నొక్కితే మూడు. డైక్‌స్ట్రా సమాంతర ఎడ్జ్‌లలో చిన్నది చూసి పోతుంది కాబట్టి దారి సరిగానే చూపిస్తుంది, ఎడ్జ్‌ల లెక్క చూస్తే తప్ప పట్టుబడదు. ఒక రోడ్డు మూసేద్దామని తీసినప్పుడు తెలుస్తుంది: ఒకటి తీసినా ఇంకోటి అక్కడే ఉండి బళ్లు పోనిస్తూ ఉంటుంది. మందు సులువు, ప్రతి ఎడ్జ్‌కూ 'పైన', 'కింద' లాంటి తాళం మీరే ఇవ్వండి. అప్పుడు ఎన్నిసార్లు నడిపినా ఒకటే గ్రాఫ్.

'యాడ్ ఎడ్జ్'కు ఇచ్చిన పేరుతో నోడ్ లేకపోతే అదే పుట్టిస్తుంది. సదుపాయమే, కానీ తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు గొయ్యి. రామ్‌నగర్ అనే మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని జోడింపు ఆపు గుర్తు ఒకటుంటుంది. ఒక కీబోర్డు వేస్తుంది, ఇంకోటి వెయ్యదు. తెర మీద తేడా కొంచెం కనపడొచ్చు, కొన్ని మాటల్లో అసలు కనపడకపోవచ్చు. పైథాన్‌కు మాత్రం అవి రెండు వేరు మాటలు, గ్రాఫ్‌లో రెండు వేరు జంక్షన్లు. యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా ఆ గుర్తు పోదు, విడిగా ఏరేయాలి. ఇంగ్లీషు పేర్లలో చివరి ఖాళీ కూడా ఇదే పని చేస్తుంది. అందుకని నోడ్‌లకు పొట్టి కోడో నంబరో పెట్టి, తెలుగు పేరును వివరంగా పక్కన ఉంచడమే మేలు. బొమ్మ గీసేటప్పుడు కూడా ఇదే కాపాడుతుంది: మ్యాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు లేదు, అక్షరాల బదులు పెట్టెలొస్తాయి.

దయ్యం నోడ్‌లను పట్టడానికి ఒక పద్ధతి: ముందు జంక్షన్ల జాబితా ఒక్కటే 'యాడ్ నోడ్స్ ఫ్రమ్'తో వేసి లెక్క రాసుకోండి. తర్వాత ఎడ్జ్‌లు వేసి మళ్లీ లెక్క చూడండి. పెరిగితే ఎక్కడో అక్షరం తప్పింది.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది వెయిట్, అంటే దారి లెక్కలో ఒక్కో ఎడ్జ్‌కు వేసే విలువ. ఎడ్జ్‌లో వెయిట్ లేకపోతే డైక్‌స్ట్రా దాన్ని 1 అనుకుంటుంది. మిగతా రోడ్లన్నీ మీటర్లలో 900, 1,400, 2,100 అని ఉండి, సత్యం జంక్షన్ దగ్గర ఒక ముక్కకు పొడవు రాయడం మరిచారనుకుందాం. అది ఒక మీటరు రోడ్డయిపోతుంది. ఊళ్లో సగం దారులు దాని మీదుగా పోతాయి. వెయిట్ పేరులో ఒక అక్షరం తప్పితే ఇంకా చోద్యం: ఏ ఎడ్జ్‌లోనూ ఆ పేరు దొరకదు కాబట్టి అన్నీ 1, వచ్చేది తక్కువ జంక్షన్ల దారి, తక్కువ దూరం దారి కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు దించే ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్‌తో ఊరంతా ఒక్క పిలుపులో మల్టీడైగ్రాఫ్‌గా వస్తుంది. కానీ అందులో పొడవు పేరు 'లెంగ్త్', డైక్‌స్ట్రా వెతికేది 'వెయిట్'. పేరు చెప్పకుండా నడిపితే ఇదే గోల. ఎడ్జ్‌లన్నీ ఒకసారి తిరిగి, పొడవు లేనిది ఉంటే అక్కడే ఆపేసే నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి.

కట్టడంలో ఆఖరి గొయ్యి లిస్ట్‌లది. ప్రతి రోడ్డుకూ ఖాళీ బస్సుల లిస్ట్ పెడదామని 'యాడ్ ఎడ్జెస్ ఫ్రమ్'కు చివర ఒక ఖాళీ లిస్ట్ ఇస్తే, అన్ని ఎడ్జ్‌లకూ అంటుకునేది ఆ ఒక్క లిస్టే. బీచ్ రోడ్డు ముక్కకు భీమిలి వెళ్లే 900కె చేర్చగానే గాజువాక రోడ్డుకూ 900కె వచ్చేస్తుంది. 'సెట్ ఎడ్జ్ ఆట్రిబ్యూట్స్'కు ఖాళీ లిస్ట్ ఇచ్చినా అంతే. ఒక్కో ఎడ్జ్‌కు కొత్త లిస్ట్ పుట్టించే డిక్షనరీ కట్టి ఇవ్వాలి.

కాపీ

ఇప్పుడు అసలు సంగతి. మామూలు రోజు గ్రాఫ్ తయారయింది. నేవీ విన్యాసాల రోజుకు కాపీ కావాలి.

'ఈక్వల్ టు' పెట్టి ఇంకో పేరిస్తే కాపీ కాదు, అదే గ్రాఫ్‌కు రెండో పేరు. ఇది తెలిసిందే కాబట్టి వదిలేద్దాం.

గ్రాఫ్ మీదనే ఉండే 'కాపీ' అనే మెథడ్ పిలిస్తే పైన చెప్పిన మూడు పొరల డిక్షనరీలూ కొత్తవి పుడతాయి. కాపీలో ఎడ్జ్ తీస్తే అసలుకు ఏమీ కాదు. కాపీలో ఒక రోడ్డు నిమిషాలు 6 నుంచి 20కి మార్చి రాస్తే అసలులో 6 అలాగే ఉంటుంది. ఈ రెండూ పరీక్షించి 'పూర్తి కాపీయే' అని నిశ్చింతగా ఉంటారు. నాలుగో పొర ఉందన్నది ఎవరికీ గుర్తుండదు. బస్సు నంబర్లు లిస్ట్‌లో ఉంటే ఆ లిస్ట్ కొత్తది కాదు, అసలు గ్రాఫ్‌లో ఉన్నదే. కాపీలో బీచ్ రోడ్డు లిస్ట్ నుంచి 900కె తీసేస్తే మామూలు రోజు గ్రాఫ్‌లోనూ భీమిలి బస్సు ఆగిపోతుంది. జాయింట్ ఖాతాకు రెండు పాస్‌బుక్కుల లెక్క: పుస్తకాలు వేరు, డబ్బు ఒకటే.

తేడా ఎక్కడంటే, కొత్త విలువ *రాయడం* వేరు, ఉన్న విలువను *లోపల మార్చడం* వేరు. రాస్తే కాపీ డిక్షనరీలోనే రాసినట్టు. ఉన్న లిస్ట్‌కు చేర్చినా, తీసినా, వరస మార్చినా ఇద్దరి సొత్తునూ ముట్టుకున్నట్టు. క్లాసుకే పాత గ్రాఫ్‌ను ఇచ్చి కొత్తది కట్టినా సరిగ్గా ఇదే లోతు. డాక్యుమెంటేషన్‌లో ఇదంతా ఉంది. కాపీ మెథడ్ వివరణ కిందే ఒక్కో రకం విడదీసి బాగానే రాశారు. చదివేవాళ్లు తక్కువ, అంతే.

ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ వాడేవాళ్లకు ఇది ఇంకా దగ్గరి ప్రమాదం, ఎందుకంటే వాళ్లు లిస్ట్‌లు పెట్టకపోయినా అవి వచ్చి కూర్చుంటాయి. గ్రాఫ్‌ను సింప్లిఫై చేసినప్పుడు చిన్న ముక్కలను కలిపి ఒక ఎడ్జ్ చేస్తుంది. ముక్కల పేర్లో ఐడీలో వేరువేరుగా ఉంటే వాటిని లిస్ట్‌గా ఉంచుతుంది. ఒక ఎడ్జ్‌లో రోడ్డు పేరు మాట, పక్క ఎడ్జ్‌లో లిస్ట్. రోడ్డు వంపుల గీత కూడా ఎడ్జ్‌లోనే ఉంటుంది, దాని గురించి బెంగ వద్దు: ఆ గీతలు కట్టే షేప్లీ లైబ్రరీలో 2.0 నుంచి అవి మార్చడానికి వీల్లేనివి, పంచుకున్నా నష్టం లేదు.

పైథాన్ 'కాపీ' మాడ్యూల్‌లోని డీప్‌కాపీ వాడితే అన్ని పొరలూ కొత్తవే. లిస్ట్‌ల గొడవ తీరుతుంది. కానీ రెండు లోపాలు. మొదటిది సమయం: ప్రతి వస్తువునూ తట్టి చూసి కాపీ తీస్తుంది కాబట్టి మామూలు కాపీ కన్నా బాగా నిదానం, ఊరంతటి గ్రాఫ్‌కు వంద రకాల మూసివేతలు నడిపి చూడాలంటే కాపీకే టైమంతా పోతుంది. రెండోది సూక్ష్మం: డీప్‌కాపీ నోడ్‌లను కూడా కాపీ తీస్తుంది. నోడ్‌లు మాటలో అంకెలో అయితే ఇబ్బంది లేదు. మీరు రాసుకున్న 'జంక్షన్' క్లాసు ఆబ్జెక్ట్‌లను నోడ్‌లుగా పెట్టి, ఆ క్లాసులో హ్యాష్, ఈక్వల్ రాయకపోతే, కాపీలో ఉన్న మద్దిలపాలెం వేరు ఆబ్జెక్ట్. మీ చేతిలోని మద్దిలపాలెంతో దారి అడిగితే 'ఆ నోడ్ లేదు' అంటుంది, ప్రింట్ చేస్తే కళ్ల ముందే కనపడుతూ ఉంటుంది. ఆబ్జెక్ట్‌లను నోడ్‌లుగా పెట్టకండి. పెట్టాల్సి వస్తే వాటిని వివరంగా లోపల ఉంచి, నోడ్‌గా కోడ్ వాడండి.

మరి ఏది వాడాలి? లిస్ట్‌లు మానేయండి. బస్సు నంబర్లను టపుల్‌గానో ఫ్రోజెన్‌సెట్‌గానో పెట్టండి. వాటిని లోపల మార్చడం కుదరదు, కొత్తది రాయాల్సిందే. రాస్తే కాపీలోనే పడుతుంది. అప్పుడు త్వరగా అయ్యే మామూలు కాపీయే డీప్‌కాపీ అంత భద్రం. డేటా వేరే చోట నుంచి లిస్ట్‌లతో వచ్చి పడితే, మామూలు కాపీ తీశాక ఎడ్జ్‌ల మీద ఒకసారి తిరిగి, ఆ ఒక్క వివరాన్ని కొత్త లిస్ట్‌తో మార్చి రాసే మూడు లైన్ల లూప్ చాలు.

కాపీ సరిగా వచ్చిందా అని సరిచూడటానికి రెండు గ్రాఫ్‌ల మధ్య 'ఈక్వల్ ఈక్వల్' పెట్టకండి, కాపీ అచ్చం అలాగే ఉన్నా అబద్ధమనే చెబుతుంది. గ్రాఫ్ క్లాసులో పోలిక రాయలేదు, అదే వస్తువా కాదా అని మాత్రమే చూస్తుంది. యుటిలిటీస్‌లో ఉన్న 'గ్రాఫ్స్ ఈక్వల్' వాడాలి, అది నోడ్‌లు, ఎడ్జ్‌లు, వివరాలు అన్నీ పోలుస్తుంది. అయితే అది 'ఒకేలా ఉన్నాయా' అని చెబుతుంది గానీ 'పంచుకుంటున్నాయా' అని చెప్పదు. పంచుకోవడం చూడాలంటే రెండు గ్రాఫ్‌ల్లో ఒకే రోడ్డు లిస్ట్ తీసుకుని 'ఈజ్'తో అడగాలి. నిజం అని వస్తే జాయింట్ ఖాతానే.

సొంతంగా గ్రాఫ్ క్లాసును పొడిగించి రాసుకునేవాళ్లకు ఒక మాట. 'కాపీ' మెథడ్ మీ క్లాసును ఖాళీ బ్రాకెట్లతో పిలిచి కొత్తది పుట్టిస్తుంది. మీ కన్‌స్ట్రక్టర్ ఊరి పేరు తప్పనిసరిగా అడిగితే అక్కడే పడిపోతుంది. పడకపోయినా, 'సెల్ఫ్' మీద పెట్టుకున్న సొంత విలువలు కాపీలోకి రావు. గ్రాఫ్ స్థాయి వివరాలు – తేదీ, ఏ రోజు రూపం, డేటా ఎక్కడిది – గ్రాఫ్‌కు ఉండే 'గ్రాఫ్' అనే డిక్షనరీలో పెట్టండి. అవి కాపీతో పాటు వస్తాయి.

రోడ్లు అవే కావాలి, వివరాలన్నీ ఖాళీగా కావాలంటే దానికి సిద్ధంగా మెథడ్ లేదు. అదే క్లాసుతో ఖాళీ గ్రాఫ్ చేసి, పాతదాని నోడ్‌లు, ఎడ్జ్‌లు వివరాలు లేకుండా వేయాలి. మల్టీడైగ్రాఫ్ అయితే తాళాలు మరవొద్దు. 'క్రియేట్ ఎంప్టీ కాపీ' అనే పేరు చూసి అదే అనుకుంటారు. అది దీనికి తిరగేసింది: నోడ్‌లు వివరాలతో సహా ఉంచి ఎడ్జ్‌లన్నీ తీసేస్తుంది.

కాపీ అనిపించి కాపీ కానివి

'సబ్‌గ్రాఫ్' ఇచ్చేది కాపీ కాదు, కిటికీ. ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక నోడ్‌లతో సబ్‌గ్రాఫ్ తీసి అందులో ఎడ్జ్ తీయబోతే, ఫ్రోజెన్ గ్రాఫ్‌ను మార్చలేమని ఆపుతుంది. సరే, భద్రంగానే ఉందనుకుంటాం. కానీ వివరాలు మార్చనిస్తుంది, అవి నేరుగా అసలు గ్రాఫ్‌లో పడతాయి. ఇక్కడ మామూలు కాపీలో ఉన్న మూడో పొర రక్షణ కూడా లేదు: నిమిషాలు 6ని 20 చేస్తే అసలులోనూ 20. 'ఫ్రీజ్' కూడా ఇదే తరహా. ఆకారాన్ని గడ్డ కట్టిస్తుంది, వివరాలను కాదు. సబ్‌గ్రాఫ్ తీసిన వెంటనే దాని మీద 'కాపీ' పిలవడం అలవాటు చేసుకోండి.

కిటికీలు చెడ్డవని కాదు. రోడ్లు మూసి చూడటానికి ఇందులో ఉన్న 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' ఈ లైబ్రరీలో ఎక్కువమందికి తెలియని మంచి వస్తువు. అసలు గ్రాఫ్, దాచాల్సిన నోడ్‌లు, దాచాల్సిన ఎడ్జ్‌లు ఇస్తే, అవి లేనట్టు కనపడే గ్రాఫ్ ఇస్తుంది. కాపీ లేదు, మెమొరీ ఖర్చు లేదు. వాకర్ల వేళకు బీచ్ రోడ్డు ముక్కలు దాచి దారి చూసుకోవడానికి కాపీ తీయడమే దండగ. రెండు జాగ్రత్తలు: డైరెక్షన్ ఉన్న గ్రాఫ్‌లో ఒక వైపు దాస్తే ఒక వైపే మూతపడుతుంది, ఎదురు వైపు కూడా జాబితాలో పెట్టాలి. మల్టీడైగ్రాఫ్‌లో ఎడ్జ్‌కు రెండు చివర్లతో పాటు తాళం కూడా ఇచ్చి మూడుగా రాయాలి. ఇంకోటి, కిటికీ లోంచి చూసిన ప్రతిసారీ వడపోత నడుస్తుంది. ఒకటి రెండు దారులకు హాయి. అన్ని జంక్షన్ల జంటలకూ దారులు తీయాలంటే ఒకసారి కాపీ చేసుకుని దాని మీద నడపడమే త్వరగా అవుతుంది.

మార్పిడులు

'టు డైరెక్టెడ్', 'టు అన్‌డైరెక్టెడ్' అనే రెండూ వివరాలను డీప్‌కాపీ చేస్తాయి. అదే పని కోసం డైగ్రాఫ్ క్లాసుకు గ్రాఫ్ ఇస్తే పైపై కాపీ. ఒకే ఫలితానికి రెండు దారులు, రెండు లోతులు. కాపీలకు మార్కులు కోసింది ముఖ్యంగా ఇందుకే. పైగా 'టు డైరెక్టెడ్' చేసే డీప్‌కాపీ ఎడ్జ్ ఎడ్జ్‌కూ విడిగా జరుగుతుంది. పది రోడ్లు ఒకే బస్సు ఆబ్జెక్ట్‌ను చూపిస్తుంటే, మార్పిడి తర్వాత ప్రతి రోడ్డుకూ, అటూ ఇటూ కూడా, విడివిడిగా ఒక్కో బస్సు. గ్రాఫ్ మొత్తాన్ని డీప్‌కాపీ చేస్తే ఒకే బస్సు ఒకే బస్సుగా ఉంటుంది.

మల్టీడైగ్రాఫ్‌ను అన్‌డైరెక్టెడ్ చేస్తే, పోయే రోడ్డుకూ వచ్చే రోడ్డుకూ తాళం ఒకటే అయినప్పుడు ఒక్క ఎడ్జే మిగులుతుంది. రెండిటి నిమిషాలూ వేరైతే ఒకరివి పోయినట్టే. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ గ్రాఫ్ అయితే దాని సొంత మార్పిడి ఫంక్షనే వాడండి.

'రీలేబుల్ నోడ్స్' డిఫాల్ట్‌గా పైపై కాపీ ఇస్తుంది. కాపీ వద్దని అక్కడికక్కడే మార్చమంటే, రెండు పేర్లు ఒకదానికొకటి తారుమారయ్యే జాబితాను అది విప్పలేదు, ఎర్రర్ ఇస్తుంది. ఇది మంచి ఎర్రర్. రెండు పాత పేర్లకు ఒకే కొత్త పేరు ఇస్తే మాత్రం నోరెత్తకుండా కలిపేస్తుంది. పైన చెప్పిన రామ్‌నగర్ జంటను కలపడానికి ఇదే పనికొస్తుంది కూడా.

రెండు గ్రాఫ్‌లను కలిపే 'కంపోజ్'లో రెండోదాని వివరాలదే పైచేయి. మామూలు గ్రాఫ్ ముందు, మార్పుల గ్రాఫ్ తర్వాత. తారుమారు చేస్తే మార్పులన్నీ పాత విలువల కింద పూడిపోతాయి.

పెద్ద డేటా

అంతా శుద్ధ పైథాన్. 64 బిట్ పైథాన్‌లో ఖాళీ డిక్షనరీకే 64 బైట్లు, అందులో ఒక్క వివరం పడగానే సుమారు 200కు పాకుతుంది, ఎడ్జ్ ఎడ్జ్‌కూ అలాంటిదొకటి. విశాఖ రోడ్లకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. కోట్ల ఎడ్జ్‌ల సోషల్ నెట్‌వర్క్ డేటాకు దీన్ని పెట్టుకోవద్దు. దానికి వేరే లైబ్రరీలున్నాయి: ఇగ్రాఫ్ లోపల సీ భాష, రస్ట్‌వర్క్‌ఎక్స్ లోపల రస్ట్ భాష. రెండూ బాగా వేగం. కానీ వాటి లోపల నోడ్ అంటే నంబరే, పేరును వివరంగా పక్కన పెట్టుకోవాలి. ఇగ్రాఫ్‌లో నోడ్ తీస్తే మిగతా నంబర్లు జరిగిపోతాయి, మూసిన జంక్షన్ తీసేసి పాత నంబరుతో అడిగితే పక్క ఊరి జవాబు వస్తుంది. రస్ట్‌వర్క్‌ఎక్స్‌లో జరగవు, ఖాళీ అలాగే ఉంటుంది.

దాచుకోవడం

ఫైల్‌లో రాసి మళ్లీ తెరవడం కూడా ఒక రకం కాపీయే, అందులోనూ నష్టాలున్నాయి. గ్రాఫ్‌లు దాచే ఫైల్ రకం గ్రాఫ్‌ఎమ్ఎల్‌లో తెలుగు పేర్లు చక్కగా నిలుస్తాయి. వివరాల్లో లిస్ట్, టపుల్ లాంటివి ఉంటే మాత్రం రాయనంటుంది, అంకెలుగా ఉన్న నోడ్‌లు తిరిగొచ్చేటప్పటికి మాటలవుతాయి. చదివేటప్పుడు నోడ్ టైప్ చెప్పాలి. జేసన్ కోసం 'నోడ్ లింక్ డేటా' ఉంది: టపుల్‌గా పెట్టిన బస్సు నంబర్లు లిస్ట్‌లై తిరిగొస్తాయి, అంటే కాపీ దగ్గర కట్టుకున్న గోడ ఇక్కడ కూలుతుంది. తెరిచిన వెంటనే మళ్లీ టపుల్ చేసుకోండి. తెలుగు అక్షరాలు కోడ్‌లుగా మారకుండా 'ఎన్‌ష్యూర్ ఆస్కీ'ని ఆపండి. ఎడ్జ్‌ల జాబితాకు 'లింక్స్' అని పేరుండేది, దాన్ని 'ఎడ్జెస్'కు మార్చే క్రమంలో 3.4లో హెచ్చరిక మొదలైంది. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఆ పేరు మీరే చెప్పేస్తే, ల్యాబులో ఒక వెర్షన్, ఇంట్లో ఒక వెర్షన్ ఉన్నా ఫైల్ తెరుచుకుంటుంది. పికిల్ అన్నిటినీ ఉన్నదున్నట్టు దాస్తుంది, కానీ వేరేవాళ్లు పంపిన పికిల్ ఫైల్ తెరవడమంటే వాళ్ల కోడ్‌ను మన మెషీన్‌లో నడపడమే. మన సొంత మెషీన్‌లో, రాత్రికి ఆపి పొద్దున మళ్లీ మొదలుపెట్టే పనికి పికిల్. ఇంకొకరికి ఇవ్వడానికి గ్రాఫ్‌ఎమ్ఎల్.